ఆవ పెట్టిన పచ్చబొట్టు

ఒక్క పూట వంటతో మా మనవరాలి బతుకుతెరువును పోపులో వేసేసిన ఘనురాలిని నేను. ఎలాగో చెప్తాను. నవ్వితే నవ్వండి గానీ, తింటూ చదవకండి, పొలమారుతుంది.

మా రూపకి టాటూల పని మీద మనసు. అమలాపురంలో ఆ షాపు నడిపే మేడంగారు శిష్యురాలిగా తీసుకోవాలంటే ముందు చేతిపని చూపించాలట. అందుకని పిల్ల మా పెరటి అరటికాయల తొక్క మీద సూదితో సాధన చేసింది.

నా ముంజేతి మీద చిన్నప్పటి పచ్చబొట్టు ఉంది. ఓ తీగ, చివర సగం పువ్వు. పొడుస్తుంటే ఏడ్చి చెయ్యి లాక్కుని పారిపోయాను కనుక మిగతా సగం రాలేదు. రూప ఆ తీగనే, పువ్వు పూర్తిచేసి, కాయల మీద దింపింది. తొక్క వాడకుండా తడిగుడ్డలో చుట్టి వంటింటి గట్టు మీద పెట్టింది.

పిల్ల చేసిన ఈ పనేదీ అప్పటికి నాకు తెలియదు. ఐనవిల్లి గుడికొచ్చిన మేడంగారు మా ఇంట భోంచేస్తారనీ, గట్టు మీద కాయలున్నాయనీ మాత్రం తెలుసు. కళ్ళజోడంటారా? అరిగిపోతుందని గుడికి తప్ప పెట్టను. చేతికి గరుకుగా తగిలితే మచ్చకాయలనుకుని తొక్క మందంగా చెక్కేసి, ఆవ పెట్టి కూర వండాను. తొక్కలు పారేసే రకాన్నా నేను? గేదెకి వేశాను.

మేడంగారి చేతుల నిండా సన్నటి పచ్చబొట్టు గీతలే. చూస్తూ ఊరుకోలేకపోయాను.

“ఇంత సన్నపు పని ఎలా వచ్చిందమ్మా?”

“మా అమ్మగారు నరసాపురంలో లేసు అల్లేవారండీ. పక్కన కూర్చుని ఆ అల్లికలే గీసేదాన్ని. మొదట పెళ్ళిళ్ళకి గోరింటాకు పెట్టేను, ఆనక సూది పట్టేను.”

“మగాళ్ళు పులులూ సింహాలూ అడగరా?”

“ఆయ్, అడుగుతారండీ. నా పులికీ లేసు చారలే.”

“ఏడుస్తారా?”

“మీసాలున్నోళ్ళే ఎక్కువండీ. కూర భలే ఉంది మామ్మగారూ. రూపా, ఏవమ్మా నీ కాయలు?”

రూప గట్టు మీది గుడ్డ విప్పింది. ఖాళీ.

“మామ్మా! ఇందులో కాయలేవే?”

“మీ మేడంగారు మారు వడ్డించుకున్నారుగా!”

“మరి తొక్కలు?”

“గేదెకేసేనే.”

ముగ్గురం పాకలోకి పరిగెత్తాం. గేదె ఆఖరి తీగను తీరిగ్గా నములుతోంది. కళాపోషణలో దాన్ని మించిన గేదె ఈ మండలంలో లేదు.

“ఫోటోలున్నాయి మేడమ్, మామ్మ చేతి మీది తీగే వేశాను...” అంది రూప, ఫోను తీస్తూ.

“ఫోటోలో గీత లోతు తెలీదమ్మా.”

పిల్ల ముఖం చూసేసరికి నా చెయ్యి దానంతటదే ముందుకు చాచుకుంది.

“అసలు తీగ ఇదిగోనమ్మా. మిగిలిన సగం పువ్వు మా పిల్లతో వేయించి చూసుకోండి.”

“నొప్పెడుతుందే మామ్మా!”

“కాయలు ఏడ్చాయా? నేనూ ఏడవను.”

మేడంగారు నా ముడతలు తడిమి చూశారు. “సరే, సాయంత్రం షాపుకి రండి. తొక్క మీద గీత తప్పితే కూరొండుకోవచ్చు. ఇక్కడ కుదరదు, జాగ్రత్త.”

సాయంత్రం మేడంగారు పక్కనే నిలబడగా రూప కొత్త సూది పట్టింది. పిల్ల ఒక్క గీత తప్పలేదు. నేను మాత్రం పెట్టిన కేకకి, పులి వేయించుకుందామని వచ్చిన మీసాలాయన చెప్పులు వదిలేసి వీధిలోకి పారిపోయాడు. అయితేనేం, ఇన్నేళ్ళకి నా పువ్వు పూర్తిగా విచ్చుకుంది. మేడంగారు దాన్ని భూతద్దంలో చాలాసేపు చూశారు.

“రేపట్నించి పనిలోకొచ్చెయ్ రూపా.”

ఆనక నా వైపు తిరిగి చేతులు జోడించారు.

“మీరు మాత్రం రాకండి మామ్మగారూ.”

ఐనవిల్లి వినాయకుడి మీద ఒట్టు. ఇకమీదట కళ్ళజోడు పెట్టుకోకుండా అరటికాయ ముట్టను. అరిగితే అరగనీ.