ఓలావ్ అంకుల్ వాళ్లమ్మ కిటుకు

మాతోనే ఉండే మా మామగారి పేరే మావాడికీ పెట్టాం, వెంకట్రామయ్య అని. ఆ పేరు పెట్టి తిట్టలేక తొమ్మిదేళ్లుగా "చిన్నా" అంటూనే కోప్పడుతున్నాను.

ఈ రోజు పొద్దున, మేముండే న్యూజిలాండ్ ఊరు లోవర్ హట్‌లో, మా ఫెన్స్ దగ్గర ఈ మాట చెబితే, పక్కింటి ఓలావ్ అంకుల్ తెగ నవ్వారు. ఆయనదీ వాళ్ల తాతగారి పేరేనట. "పూర్వీకులు వదిలి వెళ్లిన గుర్తు" అని అర్థమట. నార్వే రాజులు కొందరికి, వాళ్లలో సెయింట్ అయిన ఒకాయనకీ అదే పేరట.

"మరి మీ అమ్మగారు మిమ్మల్ని ఏమని తిట్టేవారు?" అన్నాను.

"పేరు పెట్టే! తాతయ్యకి వినపడేంత గట్టిగా."

సాయంత్రం మావాడు బురద షూస్‌తో కార్పెట్ ఎక్కాడు. "ఒరేయ్ వెంకట్రామయ్యా, బుద్ధుందా?" అని అరిచేశాను.

లోపలి గదిలోంచి, షుగర్ ఉన్న మా మామగారు, "ఒక్క లడ్డూయే తిన్నానమ్మా!" అన్నారు.

ఒక్క కేకకి ఇద్దరు దొరికారు. మీ ఇళ్లలో ఎవరెవరు పలుకుతారో చెప్పండి.