పసుపు గీతకు అవతల తొమ్మిది మంది

మొగిలయ్య ముప్పై ఒక్క ఏళ్లు లేత్ మిషన్ ముందు నిలబడి బతికాడు. మొదటి సగం నాచారం ఫ్యాక్టరీల్లో ఇనుము తిప్పాడు, రెండో సగం అక్కడే ఒక శిక్షణ కేంద్రంలో ఇనుము తిప్పడం నేర్పాడు. అలాంటి మనిషిని యాభై ఎనిమిదో ఏట కుర్చీలో కూర్చోబెట్టి, కంప్యూటర్ తెర మీద బొటనవేలంత బొమ్మను చూపించి, ఇక నువ్వంటే ఈ బొమ్మే, దీంతో నేర్పుకో అన్నారు. అన్నవాళ్లకేం, చెప్పి చక్కా పోయారు.

సంగతేమిటంటే, కేంద్రం నడిచే షెడ్డును యజమాని గోదాముకు ఇచ్చేశాడు. నాలుగు లేత్ మిషన్లూ లారీ ఎక్కి పోయాయి. వాటి బదులు బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక బొమ్మల లోకం వచ్చింది. లింకు నొక్కితే షెడ్డు లాంటి షెడ్డు, లేత్ లాంటి లేత్, మనిషికొక బొమ్మ. బాణాలు నొక్కితే బొమ్మ నడుస్తుంది. రెండు బొమ్మలు దగ్గరికొస్తే ఆ ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినబడుతుంది. దూరం జరిగితే మాట సన్నబడి ఆగిపోతుంది. అచ్చం నిజ లోకంలో లాగే అని కేంద్రం కొత్త మేనేజరు మహిపాల్ మురిసిపోయాడు. మూడు మిషన్లు తిరుగుతున్నా మొగిలయ్య గొంతు గేటు దాకా వినబడేదని పాపం అతనికి తెలియదు.

ముందు ఈ బొమ్మల షెడ్డులో చూసి నేర్చుకోవాలి, చివర పది రోజులు ఏదైనా ఫ్యాక్టరీలో చేత్తో చేయాలి. అదీ ఏర్పాటు. అయితే ఖర్చు భరించే కంపెనీ తరఫున పుణె నుంచి ఇద్దరు పరిశీలకులు మూడో వారం బుధవారం పదకొండింటికి ఈ లోకంలోకే వచ్చి క్లాసు చూస్తారు. నచ్చితే కోర్సు ఉంటుంది. నచ్చకపోతే ఆ సాయంత్రమే మూత. మూతపడితే మొగిలయ్యకు ఇంకో దారి లేదు. చేత్తో తిప్పే టర్నర్‌ను, అందులోనూ తల నెరిసినవాణ్ణి, ఈ రోజుల్లో ఎవరు రమ్మంటారు? ఉప్పల్ నుంచి మల్లాపూర్ దాకా ఆయన అడగని గేటు లేదు. ఒకచోటైతే వాచ్‌మన్ ఉద్యోగానికి వచ్చాడనుకుని కుర్చీ చూపించారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

మొదటి రెండు వారాలు క్లాసులు ఎలాగో నడిచాయి. తొమ్మిది మంది. అందరికంటే చురుకైనది గౌతమి. నాగారం నుంచి, ఇద్దరు పిల్లల్ని బడికి పంపి, ఫోన్‌లోనే క్లాసుకు వచ్చేది. ఒక రోజు ఆమె బొమ్మ నడుచుకుంటూ వచ్చి తిరుగుతున్న చక్ పక్కనే నిలబడింది. చక్ అంటే ఇనప ముక్కను పట్టుకుని గిర్రున తిప్పే భాగం. మొగిలయ్య కుర్చీలోంచి లేచి, "వెనకకు జరుగు బిడ్డా!" అని అరిచాడు. వంటింట్లో భార్య కౌసల్యమ్మ చేతిలోంచి గరిటె జారింది. తెర మీద బొమ్మకు చేతులే లేవు, తెగడానికి. అయినా ఆయనకు చెమటలు ఆగలేదు.

ఆయన షెడ్డులో ఎప్పుడూ రెండే నియమాలు. మిషన్ చుట్టూ గీసిన పసుపు గీత దాటొద్దు. మిషన్ తిరుగుతున్నంతసేపు నోరు విప్పొద్దు. మొదటి ముక్కను ఆయన ఒక్క మాట మాట్లాడకుండా తిప్పి చూపించేవాడు. ముందు కళ్లతో నేర్వాలె, అడుగుడు తర్వాత అనేవాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, పెళ్లానికి కూడా.

మంగళవారం సాయంత్రం మహిపాల్‌కు ఫోన్ చేసి బొమ్మల షెడ్డులో పసుపు గీత గీయమన్నాడు.

"అన్నా, గా బొమ్మల షెడ్డుల ఎవరికి దెబ్బ తాకుతది?" అని నవ్వాడు మహిపాల్.

"రేపు ఫ్యాక్టరీల నిలబడ్డప్పుడు తాకుతది. ఇప్పుడు అలవాటు గాకపోతే అప్పుడు గాదు. జర దూరం గియ్యి."

"మరీ దూరమైతే నీ మాట ఇనబడదు, సూస్కో."

"నా మాట ఇనబడక పోవుడేంది?" అన్నాడు మొగిలయ్య. ఆ గర్వం ఒక్కటే మిగిలింది ఆయనకు, దాన్నీ ఏమనగలం! మహిపాల్ గీశాడు. చాలా దూరంగానే గీశాడు.

బుధవారం పొద్దున కౌసల్యమ్మ కుక్కర్ పెట్టలేదు. ఫ్యాను ఆపింది. పైవాటావాళ్లను బతిమాలి నీళ్ల మోటారు ఆపించింది. ఫోను మోగి క్లాసు పాడవుతుందని దాన్ని ఆపి బీరువాలో చీరల కింద పెట్టింది. చిలకానగర్‌లో ఆ ఇల్లు పెళ్లయిన నాటి నుంచి అంత నిశ్శబ్దంగా ఉండలేదు. క్లాసువాళ్లు రాతలతో ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటున్నారని తెర పక్కనుండే చాట్ డబ్బాను మొగిలయ్య ముందే మూసేశాడు.

పదకొండింటికి తొమ్మిది బొమ్మలు వచ్చి పసుపు గీత అవతల వరుసగా నిలబడ్డాయి. ఒక్కటీ గీత తొక్కలేదు. ఆయన కడుపు నిండిపోయింది. బూడిద రంగు బొమ్మలు రెండు వచ్చి వాళ్ల వెనక నిలబడ్డాయి. పరిశీలకులు.

ఆ రోజు మొగిలయ్య చెప్పినట్టు ఇంతకుముందెప్పుడూ చెప్పలేదు. ముక్కను ఎలా బిగించాలి, కోత ఎంత లోతు ఇవ్వాలి, ఇనుము కోసే చప్పుడు మారితే ఏం అర్థం చేసుకోవాలి, అన్నీ చెప్పాడు. ఈసారి మౌనంగా చూపించే పద్ధతి కూడా వదిలేసి మొదటి నుంచీ మాట్లాడాడు. చివరికి, ఎందుకు చెప్పాలనిపించిందో ఏమో, బసవరాజు సంగతి చెప్పాడు. జహీరాబాద్ నుంచి వచ్చిన తోటి టర్నర్, దోస్తు. పాతికేళ్ల కింద ఒక పొద్దున మొగిలయ్య మిషన్ తిప్పుతుంటే అతను ఏదో అడగడానికి దగ్గరికొచ్చి వంగాడు. మొగిలయ్య చేతి పని మీద చూపు వదిలి అటు తిరిగాడు. బసవరాజు చొక్కా చెయ్యి చక్‌కు చుట్టుకుంది. కుడి చెయ్యి పోయింది. ఊరికి పోయినవాడు మళ్లీ కలవలేదు, ఏం అడగబోయాడో ఈనాటికీ తెలియదు. వంటింటి గడప మీద కూర్చున్న కౌసల్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మధ్యలోనే బూడిద బొమ్మలు రెండూ మాయమయ్యాయి. నచ్చింది, ఇంక చూడాల్సింది లేదనుకుని పోయారు అనుకున్నాడు మొగిలయ్య. క్లాసు ముగించి, చాలా రోజుల తర్వాత భార్యను టీ అడిగాడు.

టీ తాగి నడుం వాల్చి, సాయంత్రం అయిదున్నరకు బీరువాలోంచి ఫోను తీసి తెరిస్తే మహిపాల్ పదకొండుసార్లు చేసినట్టు మెసేజ్‌లు. అంతలో అతనే మళ్లీ చేశాడు.

"అన్నా, ఏం జేసినవే! గంటసేపు నువ్వు ఒక్క మాట మాట్లాడలేదంట. రాసి అడిగితే జవాబు లేదంట. నేను ఫోన్ జేస్తే ఎత్తవు. కోర్సు బందు జేసిన్రు. ఆరింటికి షెడ్డు తీసేస్తరు."

"నేను మాట్లాడలేదా?" అన్నాడు మొగిలయ్య. ఫోను పెట్టేసి కాసేపు అరచేతులు చూసుకున్నాడు. గౌతమికి ఫోన్ చేశాడు.

"లేదు సార్, మాకేం ఇనబడలే," అంది ఆమె. "మీరు ఎప్పటి లెక్కనే మాట్లాడకుంట సూపిస్తున్నరనుకున్నం. ముందు కళ్లతో నేర్వాలె అంటరు గద."

"ఇనబడకపోతే ముందటికి రావొద్దా బిడ్డా?"

"గీత ఉండె గద సార్."

ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. ఒక్కరు మాట వినకపోయినా, ఒక్కరు మొండికేసి గీత దాటినా ఈ రోజు గట్టెక్కేది. తొమ్మిదికి తొమ్మిది మందీ బుద్ధిమంతులయ్యారు. అలా తయారుచేసింది ఆయనే.

"ఒక్కసారి అందరిని రమ్మను. ఆరింటి దాక ఉంటదట," అన్నాడు. అప్పటికి ఆరుకు పది నిమిషాలుంది.

మళ్లీ లేత్ దగ్గర నిలబడ్డాడు. తొమ్మిది బొమ్మలూ ఒక్కొక్కటే వచ్చి, అలవాటు ప్రకారం, పసుపు గీత అవతలే వరుస కట్టాయి. "లోపలికి రండి, గీత దాటి రండి," అన్నాడు ఆయన, జీవితంలో మొదటిసారి. ఎవరూ కదలలేదు. వినబడితే కదా! అప్పుడు గుర్తొచ్చి, బాణం నొక్కి, తన బొమ్మనే నడిపించుకుంటూ పోయి గీత దాటి వాళ్ల మధ్య నిలబెట్టాడు.

"ఇనబడుతుందా?"

"ఇనబడుతుంది సార్," అన్నాయి తొమ్మిది గొంతులు. ఎవరింట్లోనో చంటిపిల్ల ఏడుపు, ఎక్కడో బస్సు హారను, అన్నీ వినబడ్డాయి.

ఇంక నేర్పడానికి ఏముంది? గౌతమే అడిగింది. "సార్, పొద్దున లాస్టుకు ఏం చెప్పిన్రు? మిషన్ ఆగినంక గూడ మీ బొమ్మ చానసేపు అక్కడ్నే నిలబడ్డది. ఏందో మాకు తెలువలే."

మొగిలయ్య కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు. ఒకసారి చెప్పడానికే పాతికేళ్లు పట్టిన సంగతి అది. మళ్లీ చెప్పాలంటే గుండె ఒప్పుకోవడం లేదు. అయినా వాళ్లు ఆ గీత వెనక అంతసేపు నిలబడినందుకు ఆ మాత్రం బాకీ ఉన్నాననుకున్నాడు.

"బసవరాజు అని నాకొక దోస్తు ఉండె..."

ఆరయింది, తెర తెల్లబడింది. షెడ్డు లేదు, గీత లేదు, బొమ్మలు లేవు. మొగిలయ్య లింకు మళ్లీ నొక్కాడు, మళ్లీ నొక్కాడు. కౌసల్యమ్మ వచ్చి ఆయన చేతిని పట్టుకుని ఆపేదాకా నొక్కుతూనే ఉన్నాడు. ఫోన్ చేసి చెప్పవచ్చు కదా అని ఆమె అంది. చెయ్యలేదు. ఆ తొమ్మిది మందికీ బసవరాజు పేరు ఒక్కటే అందింది.