గుడివాడ స్టేషన్లో దొరికిన చెల్లెలు

నలభై మంది బంధువుల్ని ఒక్క పూటలో వెర్రివాళ్ళను చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ ఘనుణ్ణి నేనే. ఆ నలభై మందిలో మొదటి వెర్రివాణ్ణీ నేనే.

అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు. పది సభల్లో కుల నిర్మూలన మీద గొంతు చించుకుని, పదకొండో సభ ఎక్కడా అని వెతుక్కుంటున్న రోజులు. మనిషిని ఇంటిపేరు అడగడమంటే కులం కూపీ లాగడమేనని నా సిద్ధాంతం. సిద్ధాంతం తప్పని ఇప్పటికీ అనను. దాన్ని రైల్వే స్టేషనుకు తీసుకెళ్ళడమే తప్పు.

పెదపారుపూడిలో మా పెదనాన్న ఇంట్లో బంధువులందరం కలిశాం. కుర్రతనంలోనే మలేషియా వెళ్ళి, మళ్ళీ ఊరు చూడకుండా అక్కడే కన్నుమూసిన కోటేశు బాబాయి కూతురు రేవతి, భర్తతో సహా మొదటిసారి వస్తోంది. ఆమె కోసం అందరికంటే ఎక్కువ కాచుకున్నది మా రత్తమ్మత్త. బాబాయి ఆవిడ వేలు పట్టుకుని పెరిగిన తమ్ముడు. "వాడు నన్నెప్పుడన్నా తలుచుకున్నాడో లేదో ఆ పిల్లనడగాలి" అని వారం నుంచీ ఒకటే పాట.

నన్ను స్టేషనుకు పంపుతూ అత్త ఒక అట్టముక్క చేతికిచ్చింది. దాని మీద మా ఇంటిపేరు.

"ఇది పట్టుకుని నిలబడరా. వాళ్ళు దీన్ని చూసే వస్తారు."

"మనిషికి ఈ తోకెందుకత్తా? మనుషుల్ని మనుషుల్లాగే గుర్తుపడతాను."

"నిన్ను పట్టుకోమన్నది అట్టని. ఉపన్యాసాన్ని కాదు."

అట్టను అరుగు మీదే వదిలేసి కారెక్కాను.

రైలు దిగినవాళ్ళలో నా కంటబడింది ఒక్క జంట. బీరువాలంత సూట్‌కేసులు, నల్లద్దాలు, ఎండకు బిత్తరపోయిన మొహాలు. విదేశానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

"మీకోసమే వచ్చాను, పదండి" అన్నాను.

"కృత్తివెన్ను కారేనాండీ?" అన్నాడాయన. "మేం చెన్నైలో ఎక్కి..."

"తెలుసండీ, విమానం దిగింది అక్కడే కదా. కృత్తివెన్నేం ఖర్మ, సముద్రం దాకా చూపిస్తాను. ముందు భోజనం."

దారి పొడుగునా ఇంటిపేర్లు ఎంత అనాగరికమో వివరించాను. ఆయన మూడుసార్లు నోరు తెరిచాడు. ఆవులింత అనుకున్నాను.

ఇంటి దగ్గర ఆమెను చూడగానే పెదనాన్న కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ముక్కు చూడండర్రా. అచ్చం మా కోటేశు ముక్కే." నలభై మందీ ఆ ముక్కు చుట్టూ మూగారు. రుజువు లేనిదే దేవుణ్ణి కూడా నమ్మని నేను ముక్కును రుజువు కింద జమకట్టాను.

అత్త ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మా, మీ నాన్న నా మాట ఎప్పుడన్నా ఎత్తేవాడా?"

ఆమె నా వంక చూసింది. భర్త వంక చూసింది. అత్త కళ్ళలోకి చూసింది.

"రోజూ తలుచుకునేవారండీ."

అత్త ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

విస్తళ్ళు వేశాక పెదనాన్న నెయ్యి గరిటెతో వచ్చి, ఆయన ముందు ఆగాడు. "అల్లుడు గారూ, ఇంతకీ మీరేమిట్లు?" మా జిల్లాలో కులం అడగడానికి ఇదొక మర్యాద.

"పెదనాన్నా, ఆ ప్రశ్న..." అంటూ లేచాను.

"ఒక్క నిమిషం సార్, నన్ను చెప్పనివ్వండి" అన్నాడాయన. "మాది రొయ్యల మేత వ్యాపారమండీ. చెరువులు చూడ్డానికి కృత్తివెన్ను వెళ్ళాలి. ఈయన్ని ఆ చెరువులవాళ్ళు పంపిన డ్రైవరనుకున్నాం."

గరిటె గాల్లోనే ఆగిపోయింది. "ముక్కు తేడాగా ఉందని నేనప్పుడే అనుకున్నా" అన్నాడు పెదనాన్న.

"వడ్డించన్నయ్యా" అంది అత్త. "నెయ్యికి ఇంటిపేరుతో పనేంటి?"

పది సభల్లో నేనింత బాగా చెప్పలేదు.

అంతలో వాకిట్లో ఆటో ఆగింది. అసలు రేవతి, భర్త. అదే రైలు చివరి పెట్టెలోంచి దిగి, రెండు గంటలు అట్టముక్క కోసం వెతికారట. వాళ్ళ ఫోన్లు ఇక్కడ పనిచేయలేదు. చివరికి ఆటో డ్రైవరు ఊరూ ఇంటిపేరూ అడిగి, నేరుగా గుమ్మంలో దింపాడు.

ఈసారి ఎవరూ ముక్కు జోలికి పోలేదు. అత్త మాత్రం తన ప్రశ్న మళ్ళీ అడిగింది. రేవతి నిజాయితీపరురాలు. "లేదండీ. నాన్నకి అక్క ఉందని మాకు ఈమధ్యే తెలిసింది."

అత్త ఆమెకూ ఓ విస్తరి వేసింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఒరేయ్, నువ్వు తెచ్చిన పిల్లే నయం."

సత్యాన్ని మించినది లేదని ఆ తర్వాత కూడా చాలా సభల్లో చెప్పాను. అత్త ముందు వరుసలో కూర్చున్న సభల్లో మాత్రం చెప్పలేదు.

దేవుడి మీద ఒట్టేసే వీలు నాకు లేదు కనక, అరుగు మీద వదిలేసిన ఆ అట్టముక్క మీద ఒట్టు: ఇకమీదట స్టేషనుకు వెళ్తే అట్ట పట్టుకునే నిలబడతాను. దాని మీద నా పేరు పెద్దక్షరాలతో రాసుకుంటాను. రైలు దిగేవాళ్ళు ముందే చూసుకుని తప్పించుకోవచ్చు.