మా మామ కొట్టంలో నా దొంగ

కిషన్‌బాగ్‌లో మా మేనమామకు బర్రెల కొట్టం ఉంది. పాలు పిండే ముందు ఖాళీ చెంబును పాలకు వచ్చిన గిరాకీల ఎదుట బోర్లించి చూపించడం అక్కడి పద్ధతి. చుక్క నీళ్లు రాలకపోతేనే పిండడం మొదలవుతుంది. నేను రాసిన నవల ఆ చెంబులోంచే పుట్టింది.

అందులో కథానాయకుడు పచ్చి దొంగ. గోల్కొండను చుట్టుముట్టిన మొగలు సేనకు పాలు పోస్తుంటాడు. వంటవాడి ముందు చెంబు బోర్లించి ఒట్టు వేస్తాడు. తొడుక్కున్న అంగరఖా పొడుగు చేతి లోపల మాత్రం నీళ్లు నింపిన తోలు తిత్తి ఉంటుంది. మోచేయి నొక్కితే నీళ్లు సన్నగా పాలలోకి జారతాయి. పాలు పలచబడడం శత్రువుల కుట్రేనని నమ్మిన సేనాపతి, బర్రెల మీద గూఢచారులను పెడతాడు.

పుస్తకం అచ్చయ్యాక మొదటి ప్రతి మామకే ఇచ్చాను. ఆయన చదువంతా ఉర్దూలో సాగింది, తెలుగు అక్షరాలు రావు. అయినా గూట్లో పెట్టుకున్నాడు. ఒకరోజు నేను పాలకు నిలబడి ఉండగానే, పురానాపూల్ నుంచి వచ్చే పాత గిరాకీ ఒకాయన, మామ చెంబు బోర్లించగానే అన్నాడు:

"చెంబు సరే అన్నా. జర చొక్కా చేతులు గూడ దులిపి చూపెట్టు. మీ అల్లుని కితాబుల సదివిన."

అందరూ నవ్వారు. మామ గూట్లోంచి పుస్తకం తీసి పేడకుప్ప మీదికి విసిరాడు.

"గిదేంది అల్లుడా? మస్తు ఇజ్జత్ తీసినవ్. నీ దొంగ ఇంక నా కొట్టంల కనబడొద్దు."

ఎవరెవరు నవ్వారో, ఎవరు ఎక్కడ నిలబడ్డారో నాకిప్పటికీ గుర్తే. పుస్తకాన్ని తీసిచ్చినవాడు ఒక్కడూ లేడు. ఆ రోజు నుంచి ప్యాకెట్ పాలు కొన్నాను. ఇంట్లో టీ బాగుండటం లేదని మా ఆవిడ సణిగినా అటువైపు వెళ్లలేదు.

గిరాకీల వేళాకోళం ఆగలేదు. చివరికి మామ చేతుల్లేని బనీనుతో పాలు పిండడం మొదలుపెట్టాడు. వాళ్లు ఇంకా నవ్వి, కథ ముక్కలు ముక్కలుగా చెప్పారట. వంటవాడు దొంగ చెయ్యి పట్టుకున్న చోటికి వచ్చి, మిగతాది చెప్పకుండా ఊరించారట.

అత్త మా ఇంటికి వచ్చింది. "మీ మామకు నిద్ర పడ్తలేదు. దొంగ దొరికిండా లేదా అని ఒకటే లొల్లి. వచ్చి సదివి చెప్పరాదు?"

"ఆయన్నే అడగమను అత్తా. కొట్టంల, అందరి ముందట."

"నువ్వు గూడ అచ్చం ఆయన లెక్కనే," అంటూ లేచింది.

మర్నాడు పొద్దున మరో ప్రతి చంకలో పెట్టుకుని వెళ్లాను. మామ బర్రె పొదుగు దగ్గర కూర్చుని, తల తిప్పకుండా అడిగాడు.

"దొరికిండా?"

"ఎవరు మామా?"

"నీ దొంగ."

"ఇనబడలే."

మామ లేచి నిలబడ్డాడు. వరుసలో చివరివాడికి కూడా వినబడేలా అన్నాడు: "కితాబు పారేసుడు నాదే తప్పు అల్లుడా. జర సదివి ఇనిపియ్యి."

పీట వేయించుకుని కూర్చున్నాను. వంటవాడు దొంగ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడని చదవగానే మామ ఉండబట్టలేకపోయాడు.

"తిత్తి పిండమను. వాని మొహం మీదికి."

నేను రాసింది అదే. వంటవాడు కళ్లు తుడుచుకునేలోగా దొంగ బర్రెనెక్కి సేన మధ్యలోంచి పారిపోయాడు. మామ తొడ చరిచాడు. పాలు ఆలస్యమవుతున్నాయని ఒక్కరూ అనలేదు. మొదటి పేజీ నుంచి మళ్లీ చదవమన్నాడు మామ. గొంతు ఆరిపోతోందన్నాను. ఆ పొద్దుటి పాలలో మొదటి గ్లాసు, వరుసలో ఉన్నవాళ్లందరి కంటే ముందు, నురగతో నా చేతికి వచ్చింది.