మూడు కార్లు, ఒక్క డ్రైవరు

1962 జూన్‌లో నన్ను ఒక ఇన్సూరెన్సు కంపెనీ నెల్లూరు బ్రాంచికి మోటారు ఇన్‌స్పెక్టరుగా వేశారు. వాహనాల ఇన్సూరెన్సు ఇంకా ప్రైవేటు కంపెనీల చేతుల్లోనే ఉన్న కాలమది. బండి ఉన్నవారి ఇంటికి వెళ్ళి, బండిని చూసి, విలువ కట్టి, దరఖాస్తు నింపించడం నా పని. ప్రమాదం జరిగితే ముందుగా వెళ్ళి రిపోర్టు రాయడమూ నా పనే. రేటు నిర్ణయించే అధికారం మాత్రం నాకే కాదు, మా మేనేజరుగారికీ లేదు. అన్ని కంపెనీలకూ కలిపి టారిఫ్ అనే ఒకే రేట్ల పుస్తకం ఉండేది. ఇంజను ఎంత, విలువ ఎంత, సొంతానికా బాడుగకా అని చూసి, అందులో ఉన్న అంకె వేయాలి. ఏ కాస్త తగ్గించినా మద్రాసు ఆఫీసు నుంచి శ్రీముఖం వచ్చేది.

ఆ పుస్తకానికి ఎదురు తిరిగిన మొదటి మనిషి పెంచలరెడ్డిగారు. విడవలూరు పక్క పల్లెలో మాగాణి రైతు. ఆ ఇంట మూడు బండ్లుండేవి. ఆయన పేర ఒక పాత నల్ల కారు, పొలాల మీద తిరగడానికి ఒక జీపు. భార్య రమణమ్మగారి పేర కొత్త తెల్ల కారు. గూడూరు దగ్గర పుట్టింటివారు ఇచ్చిన నిమ్మతోట రాబడితో ఆమె కొనుక్కున్నది. మూడింటికీ కలిపి డ్రైవరు ఒక్కడే, దేవసహాయం. రెడ్డిగారికీ లైసెన్సు ఉండేది గాని, ఆయన తోలడాన్ని రమణమ్మగారు ఎప్పుడో మాన్పించారు.

పాలసీలు తిరగరాయించడానికి నేను వెళ్ళిన రోజు రెడ్డిగారు నన్ను వసారాలో కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, డ్రైవరును కేకేశారు.

“దేవసహాయం, మూడు బండ్లూ ఒక్కసారే బయటికి తియ్యి.”

దేవసహాయం తల గోక్కున్నాడు. “ఒక్కసారే ఎట్టా తీసేదయ్యా? నేనుండేది ఒక్కడినే గదా.”

రెడ్డిగారు నా వైపు తిరిగారు. “విన్నావా ఇన్‌స్పెక్టరూ? వాడొక బండి తోల్తా ఉంటే కడమ రెండూ షెడ్డులో నిద్రపోతా ఉంటాయి. నిద్రపొయ్యే బండి ఎవురిని గుద్దుతుంది? నాకు ఆరు చొక్కాలుండాయి. రైలెక్కితే ఆరు టిక్కెట్లు తీస్తానా?”

నేను చదువుకున్న జవాబు చెప్పాను. గుద్దేది రోడ్డు మీదే అయినా, నిప్పంటుకోవడానికీ దొంగలెత్తుకుపోవడానికీ షెడ్డు చాలునని. ఆయన వెంటనే, “అయితే షెడ్డులో ఉండేదానికి షెడ్డు రేటే వెయ్యి” అన్నారు. అది న్యాయమైన మాటే. నెల్లూరు వచ్చి మేనేజరుగారితో చెబితే, ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, టారిఫ్‌కు యజమానితో పని లేదనీ, ఒక్కో బండీ ఒక్కో లోకమనీ సెలవిచ్చారు. ఆ మాట రెడ్డిగారికి చేరవేశాను. సణుగుతూనే మూడింటికీ పూర్తి ప్రీమియం కట్టారు.

ఆ వానాకాలంలో ఆయన దగ్గర నుంచి కబురు వచ్చింది. రెండు బండ్లు దెబ్బతిన్నాయి, వచ్చి చూడమని. ఎవరు గుద్దారని కబురు తెచ్చిన మనిషిని అడిగాను. “వాళ్ళవే సార్. ఒకదాన్నొకటి” అన్నాడు.

ఒక్క డ్రైవరున్న ఇంట్లో రెండు కార్లు ఒకదాన్నొకటి ఎలా గుద్దుకున్నాయో అర్థం కాక మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. జరిగింది ఇదీ. రమణమ్మగారు నల్ల కారులో నెల్లూరు వెళ్ళి తిరిగి వస్తుంటే, కోవూరు దాటాక పెట్రోలు పంపు చెడి బండి ఆగిపోయింది. జీపు అప్పటికే మెకానిక్కు దగ్గర ఉంది. దేవసహాయం దొరికిన బస్సెక్కి ఇంటికి వెళ్ళి తెల్ల కారు తెచ్చాడు. రెడ్డిగారూ వెంట వచ్చారు. నల్ల కారును మోకుతో తెల్ల కారు వెనక కట్టారు. ముందు బండి దేవసహాయం తోలాడు. వెనక బండికి స్టీరింగు పట్టుకునే మనిషి కావాలి గనుక రెడ్డిగారు కూర్చున్నారు. ఆయన ముఖంలో అంత ఆనందం తమ పెళ్ళిలో కూడా చూడలేదని రమణమ్మగారు తర్వాత నాతో అన్నారు. ఆమె ఆ నల్ల కారు వెనక సీట్లోనే ఉన్నారు.

కాలవ వంతెన దగ్గర బర్రెలు అడ్డం వచ్చాయి. దేవసహాయం ఆపాడు. రెడ్డిగారు ఆపలేదు. తెల్ల కారు డిక్కీ లోపలికి పోయింది. నల్ల కారు లైట్లు పగిలి, రేడియేటరు కారిపోయింది. అదృష్టవశాత్తూ మనుషులకు గాని బర్రెలకు గాని దెబ్బ తగల్లేదు.

ఇక్కడ కొంచెం మా వృత్తి సంగతి చెప్పాలి. పాలసీలో కంపెనీ ఒక పక్షం, బండి యజమాని రెండో పక్షం. ఆ బండి వల్ల నష్టపోయిన మరెవరైనా మూడో పక్షం, అంటే థర్డ్ పార్టీ. ఏడాదంతా క్లెయిము చేయకపోతే మరుసటి ఏడు ప్రీమియంలో కొంత తగ్గిస్తారు. అది నో క్లెయిం బోనస్. రెండు కార్లకూ ఎవరి పాలసీ మీద వారు క్లెయిము చేస్తే రెండు బోనసులూ పోతాయి. రెడ్డిగారు దానికి ఒప్పుకోలేదు. తన కారు వెళ్ళి రమణమ్మ కారును గుద్దింది గనుక ఆ నష్టమూ తన పాలసీ మీదే ఇవ్వాలనీ, ఆమె బోనసు ముట్టుకోవద్దనీ పట్టుబట్టారు. సరాసరి మా ఆఫీసుకే వచ్చారు.

మేనేజరుగారు నవ్వి, “ఒకే ఇల్లు, ఒకే షెడ్డు, ఒకే డ్రైవరు. ఇందులో మూడో మనిషి ఎక్కడున్నారండీ?” అన్నారు.

“కట్టించుకునేటప్పుడు ఒక్కో బండీ ఒక్కో లోకమంటిరే! గుద్దుకోంగానే లోకాలన్నీ ఒకటైపోయినాయా?”

“మూడూ కలిపి ఒకటేనని మీరే గదా వాదించింది!”

ఇద్దరూ నా వైపు చూశారు. ఆ వాదనలను అటూ ఇటూ మోసింది నేనే. రెండు నెలల కింద ఈయన నిలబడ్డ గట్టున ఆయన, ఆయన నిలబడ్డ గట్టున ఈయన ఉన్నారు.

చివరికి మేనేజరుగారే తగ్గారు. పేర్లు వేరు గనుక రమణమ్మగారు థర్డ్ పార్టీయేనని ఒప్పుకున్నారు. అయితే థర్డ్ పార్టీకి నష్టం ఇవ్వాలంటే అవతలి బండి తోలినవాడిది తప్పని తేలాలి. ఆమె ఆ మేరకు వాంగ్మూలం ఇవ్వాలి, రెడ్డిగారు దాన్ని ఒప్పుకుంటూ సంతకం చేయాలి. అలా కుదరదంటే, ముందు బండి డ్రైవరు ఉన్నట్టుండి ఆపాడని రాస్తే ఎవరి పరువూ పోదనీ, మామూలుగా అందరూ అలాగే రాస్తారనీ సలహా కూడా ఇచ్చారు. అప్పుడు నల్ల కారు నష్టం కూడా తెల్ల కారు పాలసీ మీద పడుతుంది, పోయేది రమణమ్మగారి బోనసు.

కాగితాలు పట్టుకుని మళ్ళీ ఆ వసారాలో కూర్చున్నాను. థర్డ్ పార్టీ అంటే ఏమిటో రమణమ్మగారికి వివరించాను.

“ముప్పై ఏండ్లు కాపరం చేసినాక నేను మూడో మనిషినా?”

పాలసీ వరకేనమ్మా అన్నాను.

రెడ్డిగారు గొంతు సవరించుకుని, రెండో దారి పట్టారు. “ముందర బండి ఉన్నట్టుండి నిలిచిపోయినందువల్ల… అని రాసుకో ఇన్‌స్పెక్టరూ.” నేను కలం ఆపి, అలా రాస్తే తప్పు దేవసహాయానిది అవుతుందనీ, ఆ కాగితం పోలీసు స్టేషనుకు కూడా పోతుందనీ, లైసెన్సు మీద మచ్చ పడవచ్చుననీ చెప్పాను. మచ్చ పడిన డ్రైవరుకు ఆ రోజుల్లో జిల్లాలో ఎవరూ బండి ఇచ్చేవారు కాదు. దేవసహాయం ముంగిట్లో జీపు కడుగుతున్నాడు. చేతిలో గుడ్డ ఆగిపోయింది.

“బర్రెలొచ్చినాయయ్యా” అన్నాడు. “నిలపకుంటే వాటి మీదికి పోయుండేది.”

రెడ్డిగారు తల తిప్పి జీపు వైపు చూశారు. నల్ల కారు బోనసు, తన పరువు ఒక పక్క. పదేళ్ళుగా తన ఇంట్లో ఉన్న మనిషి జీవనం ఒక పక్క. చివరికి, “అది కొట్టెయ్. వాడి మీద రాయబాక” అన్నారు.

“అయితే నేను చెప్తా, రాసుకో నాయనా” అని రమణమ్మగారు ముందుకు జరిగారు. “నా భర్త పెంచలరెడ్డి బ్రేకు తొక్కలేదు. బ్రేకు తొక్కాల్సిన చోట హారను కొట్టినాడు. ముందర పొయ్యే మా కారునే తప్పుకోమని హారను కొట్టినాడు. నేను బ్రేకు బ్రేకు అని అరస్తా ఉంటే, నాకు తెలుసులే అన్నాడు.”

“హారను సంగతి గూడా రాయాల్నా?” అన్నారు రెడ్డిగారు దీనంగా.

“జరిగింది రాయాల గదా. కంపెనీవాళ్ళే అడగతా ఉండారు” అన్నారామె. ఎన్నాళ్ళుగానో చెబుతున్న మాట స్టాంపు కాగితం మీదికి ఎక్కే రోజు వచ్చిందని ఆమె ముఖం చెబుతూనే ఉంది. నేను చదివి వినిపించాను. రెడ్డిగారు రెండు చోట్ల ‘అబద్ధం’ అన్నారు గాని, సంతకం మాత్రం చేశారు. ముంగిట్లో జీపు మీద మళ్ళీ నీళ్ళు పడ్డ శబ్దం వినిపించింది.

మద్రాసు ఆఫీసు క్లెయిము మంజూరు చేసింది. హారను వాక్యం కింద అక్కడెవరో ఎర్ర పెన్సిలుతో గీత గీశారు, ఆక్షేపణ మాత్రం రాయలేదు. ఈ వ్యవహారంలో, చెడిపోయిన బండిని లాగవచ్చునా అన్న నిబంధన కోసం పుస్తకం తిరగేస్తుంటే నాకు మరొకటి కనబడింది. ముందుగా రాతపూర్వకంగా తెలిపి, బండిని కొన్ని నెలలు కదపకుండా షెడ్డులో ఉంచితే, రోడ్డు ప్రమాదం తాలూకు ప్రీమియంలో కొంత వెనక్కి ఇవ్వవచ్చు. రెడ్డిగారు అడిగిన షెడ్డు రేటు చాలామటుకు అదే. ఆ పుస్తకంలో ఎవరూ అడగని పేజీలో ఉంది. మరుసటి ఏడు వానాకాలానికి నల్ల కారును షెడ్డులో పెట్టించి ఆ తగ్గింపు ఇప్పించాను. ఆయన సంతోషించి, “సగం న్యాయం జరిగింది” అన్నారు.

నా అభిప్రాయమూ అదే. పలు బండ్లున్నవారి దగ్గర ఒక్కో బండికీ నిండు ప్రీమియం తీసుకోవడం సగం అన్యాయమే. ఒక్క డ్రైవరు మూడు బండ్లను ఒకేసారి రోడ్డెక్కించలేడు. కానీ ఇంట్లో బండ్లు పెరిగేకొద్దీ, డ్రైవరు కాని మనిషికి స్టీరింగు దొరికే సందర్భాలూ పెరుగుతాయి. టారిఫ్ బండిని కొలిచేది, విలువను కొలిచేది. తోలే మనిషి గురించి అందులో గడి ఉండేది కాదు.

అందుచేత ఆ తర్వాత సర్వీసంతా, రెండు మూడు కార్లున్న ఇంటికి వెళితే కార్లు చూడడానికి ముందే ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. ఈ ఇంట్లో బండి తోలాలని సరదా ఉన్నవారు ఎవరెవరు? దానికి సరైన జవాబు ఇంటాయన దగ్గర ఒక్కసారీ దొరకలేదు. ఇంటావిడను అడిగితే వెంటనే చెప్పేవారు.