బొండం ఇవ్వని కోడళ్ళు

మా తోటికోడలి మంచితనం గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో చెరో పొయ్యి మీద వండుకుంటున్నాం. పలాసలో మా వీధి ఆస్పత్రికి దగ్గర. ఉద్దానం పల్లెల నుంచి కిడ్నీ జబ్బువాళ్ళు డయాలసిస్‌కని మొదటి బస్సు దిగి, నేరుగా మా అరుగు మీదికే వస్తారు. ఆవిడ వాళ్ళకి ఉప్పు తగ్గించిన ఉప్మా పెడుతుంది, వంతు ఎప్పుడొస్తుందో కనుక్కొస్తుంది, తిరుగు బస్సు దాకా చాపలు వేసి పడుకోబెడుతుంది.

ఆవిడ చదివింది ఐదో తరగతి. నేను టెక్కలి కాలేజీలో డిగ్రీ చేశాను. వాళ్ళ పింఛను దరఖాస్తులన్నీ రాసేది నేను. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పట్టి చూపించేదీ నేనే. అయినా వెళ్ళేటప్పుడు అందరూ దండం పెట్టేది ఆవిడకి. ఒకామె జీడిపప్పు పొట్లం తెచ్చి నా చేతిలోనే పెట్టి, "అక్కకి ఇచ్చీమ్మా" అంది. ఇచ్చాను. సగం ఇచ్చాను.

కిందటేడు మా అత్తకే డయాలసిస్ మొదలైంది. వారానికి రెండు రోజులు పెద్దకోడలి చెయ్యి పట్టుకుని వెళ్ళేది. నేను చీర మార్చుకుని గుమ్మంలో నిలబడితే, "నీకెందుకే, పెద్దది ఉంది కదా" అనేది. అత్త నోటితో ఒక్కసారి "చిన్నదాన్ని రమ్మను" అనిపించుకోవాలని నాకుండేది. ఈ వయసులో సిగ్గులేదా అంటే, లేదు.

ఒకరోజు తోటికోడలికి జ్వరం. అత్తని నేనే తీసుకువెళ్ళాల్సి వచ్చింది. ఆవిడ పడుకునే చెప్పింది: "నీళ్ళు ఈ గలాసుడే, సెల్లీ. కొబ్బరినీళ్ళు మాత్రం ముట్టనీకు, ఎంతడిగినా."

"నేను చదువుకున్నదాన్ని, అక్కా."

"అందుకే సెప్తన్నాను. సదువుకున్నోలికి ఏ పనికైనా ఓ కారణం దొరికీసుద్ది."

డయాలసిస్ అయ్యాక ఆటోలో వస్తున్నాం. రోడ్డు పక్కన కొబ్బరిబొండాల బండి. మా అత్త ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య పుట్టిన మనిషి. అక్కడ ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళ కన్నా ముందు బొండం కొట్టిస్తారు. ఇవ్వలేదంటే పగవాళ్ళ కింద లెక్క.

"ఒక్కటి కొట్టించవే. నోరు ఎండిపోతంది."

"వద్దన్నారు కదా, అత్తా."

"ఎవులు, పెద్దదా? దానికి గుండె నేదు. నీకున్న దయ దానికెక్కడిదే. నువ్వే నయం."

నువ్వే నయం. ఇరవై ఏళ్ళకి. ఆటో ఆపించాను. లేతది చూసి కొట్టమన్నాను. చాలదంటే రెండోదీ కొట్టించాను.

తెల్లారేసరికి అత్త కాళ్ళు కదపలేకపోయింది, గుండె దడ. తోటికోడలు జ్వరంతోనే లేచొచ్చి ఒక్క చూపు చూసింది. ఏం తాగిందని అడగలేదు. "ఎన్ని?" అంది.

"రెండు."

వెంటనే ఆటో పిలిచింది. ఆస్పత్రిలో నర్సు మండిపడింది, కొబ్బరినీళ్ళు ఎవరు తాగించారు, ఆ పొటాషియానికి గుండె ఆగిపోయుండేది తెలుసా అని. తోటికోడలు నా వైపు చూడనైనా చూడకుండా, "మేవే తాగించీసినాం సిస్టరుగారూ, తప్పైపోనాది" అంది.

మేమట. నా తప్పులోనూ వాటా తీసుకుంది. నర్సు నన్నొదిలేసి ఆవిడనే తిట్టింది. తిట్టి, జ్వరం మనిషని కుర్చీ వేసింది. తప్పు చేసిన నేను నిలబడే ఉన్నాను.

అత్త కోలుకుని ఇంటికొచ్చి, అరుగు మీద అందరూ వినేలా, "ఇకమీద నాతో సిన్నదే రావాల" అంది. నేను కోరుకున్న మాటే. ఎందుకందో మా ముగ్గురికే తెలుసు. తోటికోడలు అత్తకి నీళ్ళు కొలిచే గ్లాసు నా చేతిలో పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఓ మాట అన్నా బాగుండేది. నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి.

ఇప్పుడు వారానికి రెండుసార్లు నేనే వెళ్తున్నాను. బండి కనపడగానే అత్త మోచేత్తో పొడుస్తుంది. పోనిమ్మంటాను ఆటోవాణ్ణి. కిందటివారం అలాగే అంటే, ఇల్లు చేరేదాకా నాతో పలకలేదు. అరుగు మీదున్న ఉద్దానం వాళ్ళ మధ్య కూలబడి అప్పుడు నోరు విప్పింది.

"బొండం పెద్దదీ ఇవ్వదు. అయితే అది నవ్వుతా ఇవ్వదు. ఇది మూతి ముడిసి ఇవ్వదు."

అందరూ నవ్వారు. ఉప్మా గిన్నెతో వస్తున్న తోటికోడలూ నవ్వింది. బాగానే నవ్వుతుంది. అదే నాకు పడదు. ఎవరిదో దరఖాస్తు ఉంటే తీసుకుని లోపలికి వెళ్ళాను.