సంతకం లేని పటాలు

మా అన్నయ్య సినిమా చూసి ఏడ్చాడు. అదీ ఎలాంటి సినిమా? దొంగ బొమ్మలు వేసి అమ్ముకునే ఒక తమ్ముడి కథ. వాణ్ణి పట్టుకోవలసిన పోలీసు వాడి సొంత అన్న. మధ్యలో అవసరానికి గుండెనొప్పి తెచ్చుకునే అమ్మ. తెనాలిలో ఆ హాలు ఏసీ చలికి నేను కొంగు కప్పుకుని కూర్చుంటే, పక్క సీట్లో అన్నయ్య ముక్కు చీదుకుంటున్నాడు. వదిన అతనికి చేతిరుమాలు అందిస్తోంది. నాకు నవ్వాలో, లేచి పోవాలో తెలియలేదు.

ఆ హీరో కుంచె పట్టుకున్న తీరు చూస్తే మా నాన్న అక్కడికక్కడే లేచి, బయట టీ తాగి ఇంటికి వచ్చేసేవాడు. కుంచెకి తడే లేదు. దాన్ని గుడ్డ మీద అటూ ఇటూ ఊపుతాడు, వెనక వయొలిన్లు మోగుతాయి, పాట అయ్యేసరికి తాతల కాలంనాటి ఆయిల్ పెయింటింగు తయారు. ఆయిల్ రంగు ఆరడానికే వారాలు పడుతుందిరా నాయనా! వీడిది ఇంటర్వెల్ కల్లా మ్యూజియంలో వేలాడుతోంది. కోటు తొడుక్కున్న నిపుణుడొకడు దాని మీద నీలం లైటు వేసి, పెదవి విరిచి, దొంగదని తేల్చేస్తాడు. చివర్లో అన్న తుపాకీ పారేసి తమ్ముణ్ణి కౌగిలించుకుంటాడు. రక్తసంబంధం గురించి అమ్మ ఆస్పత్రి మంచం మీద నుంచే ఉపన్యాసం ఇస్తుంది. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా మా అన్నయ్య కొట్టాడు.

నేను బాపట్లలో ఉంటాను, స్కూల్లో లెక్కలు చెబుతాను. నాకు పెళ్ళయి ఇన్నేళ్ళయినా అన్నయ్య ఎన్నడూ సినిమాకి పిలిచిన పాపాన పోలేదు. అలాంటిది ఫోన్ చేసి, "రావే, మంచి ఫ్యామిలీ సినిమా, కలిసి చూద్దాం" అన్నప్పుడే నాకు అనుమానం రావలసింది. పుట్టింటి పిలుపు కదా అని పొద్దున్నే చీర మార్చుకుని రైలెక్కాను. ఆడపిల్ల బుద్ధి అలాగే ఏడుస్తుంది.

మా నాన్న తెనాలిలో పోయినవాళ్ళ పటాలు వేసేవాడు. వేలెడంత పెళ్ళి ఫోటోనో, రేషన్ కార్డు మీది మొహమో తెచ్చిస్తే, దాన్ని చూసి గోడంత పటం వేసిచ్చేవాడు. రేపల్లె నుంచి, పొన్నూరు నుంచి, కర్లపాలెం నుంచి వచ్చేవాళ్ళు. ఏ పటం మీదా ఆయన సంతకం పెట్టలేదు. ఒకసారి ఎవరో పెట్టమని పట్టుబడితే, "జనం దణ్ణం పెట్టుకునే పటం కింద నా పేరేంటండీ? ఆ దణ్ణంలో వాటా కొట్టేసినట్టుంటుంది" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో అందరం విన్నదే. అన్నయ్య కూడా విన్నాడు. వినడానికి చెవులుంటే చాలదని ఇప్పుడు తెలుస్తోంది.

నాన్న ఉన్నన్నాళ్ళూ అన్నయ్య కుంచె ముట్టలేదు. రంగు వాసనకి తలనొప్పి అనేవాడు. తర్వాత ఫ్లెక్సీల షాపు పెట్టాడు. పుట్టినరోజు ఫ్లెక్సీలు, నాయకుల ఫ్లెక్సీలు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు. నాన్న పోయాక ఇతగాడికి ఒక తెలివి పుట్టింది. హైవే మీద హోటళ్ళకీ, బీచి దగ్గర రిసార్టులకీ ఈ మధ్య పాతకాలం పిచ్చి పట్టింది కదా. గోడకి తలపాగా తాత ఒకడూ, నత్తు పెట్టిన అవ్వ ఒకతీ వేలాడితేగానీ వాళ్ళ బిర్యానీ ఎవరికీ దిగదు. అన్నయ్య ఏవో పాత ఫోటోలు కాన్వాసు గుడ్డ మీద మెషీన్లో ప్రింటు తీసి, టీ డికాషన్ పూసి, పైన వార్నిష్ కొట్టి, మూల నాన్న సంతకం గిలికి అమ్మడం మొదలుపెట్టాడు. సినిమాలో వాడు నయం, కనీసం కుంచె ఊపాడు. మావాడు దొంగతనానికి కూడా ఒళ్ళొంచలేదు.

ఆ సంగతి నాకెలా తెలిసిందంటే, మా స్కూలు టీచరమ్మ రిటైరయితే అందరం సూర్యలంక దారిలో ఒక రిసార్టుకి భోజనానికి వెళ్ళాం. చేయి కడుక్కునే చోట గోడ మీద ఒక మీసాల తాత. కింద నాన్న పేరు. నాకు ముద్ద దిగలేదు. ఇంటికి రాగానే ఫోన్ చేసి చెడామడా తిట్టాను. "నాన్న పేరు నిలబెడుతుంటే ఏడుస్తావేంటే?" అన్నాడు. చేతులు కడుక్కునే బేసిన్ మీద నిలబెట్టాడు మహానుభావుడు.

సరే, సినిమా అయ్యాక ఇంటికెళ్ళి కాఫీ తాగుతుంటే అసలు సంగతి బయటపడింది. రేపల్లెలో రొయ్యల చెరువులాయన ఒకడు కొత్త ఇల్లు కట్టాడు. ఆయన తల్లి పురిట్లోనే అమ్మని పోగొట్టుకుంది. తల్లి మొహం ఎలా ఉంటుందో ఎరగదు. ఫోటో ఒక్కటీ లేదు. అమ్మమ్మ బొమ్మ ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఆ కొడుకు పాత స్టూడియోలన్నీ తిరుగుతూ మా అన్నయ్య షాపుకి వచ్చాడు. వచ్చినవాణ్ణి మా అన్నయ్య వదులుతాడా! "మీ తాతగారు ఉన్న ఒక్క ఫోటోతో మా నాన్నకి ఆర్డరిచ్చి, మళ్ళీ వచ్చి తీసుకెళ్ళలేదండి, మా దగ్గరే ఉండిపోయింది" అని ఒక పటం అంటగట్టాడు. ఆ ముసలావిడ దాన్ని దేవుడి గదిలో పెట్టుకుని రోజూ దీపం పెడుతోందట. ఇప్పుడు ఎవరో చుట్టాలు, కర్లపాలెంలో తమ ఇంట్లో అదే పెయింటరు వేసిన పటం మీద సంతకం లేదే, దీని మీద ఎందుకుందని అడిగారు. ఆ కొడుక్కి అనుమానం పట్టుకుంది. పెయింటరుగారి కూతురు వచ్చి అవునంటేనే నమ్ముతానన్నాడు.

"హాల్లో కూర్చుని కాఫీ తాగు, మా నాన్న వేసిందేనండి అను, వచ్చేద్దాం. పటం చూడక్కర్లేదు కూడా" అన్నాడు అన్నయ్య. "తోడబుట్టినవాళ్ళంటే ఒకరికొకరు నిలబడాలే. సినిమాలో చూశావుగా!"

ఓహో, ఆ టిక్కెట్టు ఇందుకన్నమాట! నా ఒళ్ళు మండిపోయింది. అయినా వస్తానన్నాను. ఎందుకంటే అప్పటికే నిశ్చయించుకున్నాను, ఆ ఇంట్లో అందరి ముందూ నిజం చెప్పేయాలని. చెబితే అన్నయ్య గడప మళ్ళీ తొక్కలేనని తెలుసు. ఆడదానికి పుట్టిల్లు లేకుండా పోవడం చిన్న సంగతేం కాదు. కానీ ఒక తల్లి లేని మనిషికి దొంగ తల్లిని అమ్ముకుంటే నాన్న పేరు మట్టిలో కలిసినట్టే. మర్నాడు అన్నయ్య కారులో రేపల్లె బయల్దేరాం. దారి పొడుగునా అతను ఆ సినిమా పాటే ఈల వేస్తున్నాడు.

ఆ ఇల్లు పెనుమూడి రోడ్డు వైపు. గచ్చు మెరిసిపోతోంది, సోఫాలకి ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. ఆ కొడుకు మర్యాదస్తుడు. "రండక్కా, ఎండన పడి వచ్చారు" అని ఫ్యాన్ కింద కూర్చోబెట్టాడు. అన్నయ్య వెంటనే రొయ్యల ధరల గురించి ఎత్తుకుని ఆయన్ని వరండాలోకి లాక్కుపోయాడు. ఈలోపు లోపలి నుంచి ముసలావిడ వచ్చింది. సన్నగా, నెరిసిన జుట్టు, కళ్ళజోడు. నా మొహంలోకి చూసి ఆగిపోయింది. తర్వాత కాఫీ మాటే ఎత్తకుండా, "ఇట్టా రామ్మా" అని చెయ్యి పట్టుకుని దేవుడి గదిలోకి తీసుకెళ్ళింది.

గోడ మీద మా అమ్మ ఉంది.

మా అమ్మ. నన్ను కన్న అమ్మ. నేను కాలేజీలో ఉండగా పోయింది. నాన్న ఆవిడ పెళ్ళినాటి ఫోటో చూసి వేశాడు, అందుకే పాతికేళ్ళు కూడా నిండని మొహం. ఆ ఒక్క పటం వెయ్యడానికి ఆయన నెలల తరబడి తలుపేసుకున్నాడు. నాన్న పోయాక నాకిమ్మని అడిగితే, "చెదలు పట్టిందే, పారేశాను" అన్నాడు అన్నయ్య. నేను వారం రోజులు ఏడ్చాను. అది ప్రింటు కాదు, డికాషన్ కాదు. అన్నయ్య జన్మలో అమ్మిన ఒకే ఒక్క నిఖార్సయిన పటం అది. దేవుడి గదిలోకి చేరే పటం కదా, వేలితో తడిమి చూస్తారని భయపడి అసలుదే తెచ్చి, మూల నాన్న పేరు గిలికి, ఎవరి అమ్మగానో అమ్మేశాడు. చీ, సిగ్గు లేని మనిషి!

కేక పెట్టబోయాను. అన్నయ్యని చొక్కా పట్టుకుని లాక్కొచ్చి ఆ పటం ముందు నిలబెట్టాలనిపించింది. పటాన్ని గోడ మీంచి తీసి చంకన పెట్టుకుని రైలెక్కాలనిపించింది. ఏడుపు ఆగలేదు.

ముసలావిడ నా చెయ్యి వదల్లేదు. పటం వంక చూసింది, నా వంక చూసింది. గొంతు తగ్గించి అంది: "మీ అమ్మ కదూ?"

నేను తలూపాను.

"నువ్వు గడప దాటగానే అనుకున్నాలే. అవే కళ్ళు. అదే గడ్డం." కొంగుతో నా మొహం తుడిచింది. "మా వాడికి చెప్పమాక తల్లీ. నాకో అమ్మని తేవాలని ఎంత తిరిగాడో వాడు. నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్క మనిషిని అమ్మా అని పిలవలా. ఇప్పుడు పొద్దున లేచి ఈమెని పిలుస్తున్నా. నీ వస్తువే, కాదన్ను. కానీ తీసుకుపోమాక."

ఎనభై ఏళ్ళకి దగ్గర పడిన మనిషి, పాతికేళ్ళ పిల్ల పటాన్ని చూపించి అలా అడుగుతుంటే నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

కొడుకు లోపలికి వచ్చాడు. వెనకే అన్నయ్య. నన్ను దేవుడి గదిలో చూసి అతని మొహం పాలిపోయింది. "చెప్పండక్కా, ఇది మీ నాన్నగారు వేసిందేనా? మీరెట్టా చెబితే అట్టా" అన్నాడు కొడుకు.

"మా నాన్న వేసిందేనండి" అన్నాను. "ఆయన వేసినవాటన్నిటిలోకీ మంచిది. సంతకం మాత్రం ఆయనది కాదు, దణ్ణం పెట్టుకునే పటాల మీద ఆయన పేరు రాయడు. అది మా అన్నయ్య గిలికాడు, పెద్ద చదువులు చదివినవాళ్ళు నమ్ముతారని. తుడిపించెయ్యండి."

కొడుకు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని నవ్వాడు. "ఏంటండీ మీరు, ఆ ముక్క ముందే చెబితే సరిపోయేదిగా" అని అన్నయ్యతో అన్నాడు. అన్నయ్య హిహి అన్నాడు. ఆ హిహి ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, వింటే కంపరం పుడుతుంది.

బయల్దేరుతుంటే ముసలావిడ పటం ముందున్న పళ్ళెంలోంచి చీర తీసింది. మహాలయ అమావాస్యకి తల్లికని పెట్టిన కొత్త నేత చీర. బొట్టు పెట్టి నా చేతుల్లో ఉంచింది. "అదేంటమ్మా, అమ్మమ్మకి పెట్టిన చీర నువ్వు కట్టుకోవాలిగా?" అన్నాడు కొడుకు. "నేను మొన్నొకటి కట్టానులేరా. ఇది ఈ అమ్మాయి కట్టుకోవాలి" అంది ఆవిడ. వచ్చే ఏడు మళ్ళీ రమ్మంది. వచ్చేటప్పుడు మా అమ్మ పోయిన తిథి కనుక్కుని రమ్మని గుసగుసగా చెప్పింది.

కారు చాలా దూరం వచ్చాక అన్నయ్యకి ధైర్యం వచ్చింది. "భలే చెప్పావే! సినిమాలో కూడా ఇట్టా కుదర్దు. అమ్మ మొహం ఎవరు గుర్తుపడతార్లే అనుకున్నా, నువ్వు కూడా సర్దుకున్నావు" అన్నాడు. ఇంకాస్త ఆగి, "అది సరే, ఆ ముసలావిడ నీకెందుకు పెట్టిందే చీర?" అని అడిగాడు.

"తల్లికి పెట్టిన చీర కూతురు కట్టుకోవాలిగా, అందుకు" అన్నాను.

అతనికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. కారు వేగం తగ్గింది. తెనాలిలో మా పుట్టింటి ముందు ఆపి దిగమన్నాడు. నేను దిగలేదు, స్టేషన్ దగ్గర దింపమన్నాను.